పీర్ల పండుగ – పొరుగింటి పలుకు

ఒక యూరిలో రెండు మూడు మతములవారు కాపురముండుట మన దేశమున క్రొత్త సంగతి కాదు. వారు కలహింపక కాలము గడపుటయు క్రొత్త కాదు. కాని కలహింపకుండుట వేఱు, ఒకరినొకరు తెలిసికొనుట వేఱు. ఈ రెంటికిని గల భేదమెట్టిదో పాలమూరు పల్లెల యాచారమునుబట్టియు, హైదరాబాదు నగరమున జరిగిన యొక ప్రయత్నమునుబట్టియు సోదరీమణులకు విన్నవింపదలచితిని.

మహబూబునగరమునుండి నాగరుకర్నూలునకు పోవు త్రోవలో బిజినేపల్లి యున్నది. 2016వ సంవత్సరమున జిల్లాలు విభజింపబడువఱకు నీ యూరు మహబూబునగరము జిల్లాలోనిది. ఇప్పుడు నాగరుకర్నూలు జిల్లాలో నొక మండలమునకు ముఖ్యస్థానము. చేరువనున్న పాలెములో వేంకటేశ్వరాలయమును, నందివడ్డెమానులో శనైశ్చరాలయమును గలవు. ఈ ప్రాంతపు పల్లెలలో దేవళముతోపాటు పీర్ల చావిడియు నుండుట వాడుక.

మొహర్రము నెలపొడుపు కనబడగానే చావిడిలో దాచియుంచిన పీర్లను వెలికిదీసి, కడిగి, రంగురంగుల దట్టీలు కట్టి నిలువబెట్టుదురు. చావిడి యెదుట గుండము త్రవ్వి నిప్పు వేయుదురు. దానినే అలావ యందురు. ఇంటింటినుండి స్త్రీలు ఊదు, కుడుకలు, బెల్లపు పానకము, రొట్టెలను నలిపి బెల్లము కలిపిన మలీద తీసికొనివత్తురు. పీరును మోయువాడు ముస్లిమే కానక్కఱలేదు. ముస్లిముల యిండ్లు ఒకటి రెండే యున్న పల్లెలలో హిందువులే ముందు నిలిచి యుత్సవము జరిపింతురు. సంతానమునకై పీర్లకు మ్రొక్కుకొన్న తల్లి తన బిడ్డకు హుసేనని, సైదులని, మౌలాలియని, హుసేనమ్మయని పేరిడుట తెలంగాణపు హిందూ కుటుంబములలో తరతరములుగా వచ్చుచున్నది.

ఈ పండుగ ఏటేట 11 దినములు ముందునకు జరుగుట చూచి వింతపడువా రుందురు. కారణము సులభమే. చంద్రునిబట్టి లెక్కించు సంవత్సరమునకు సుమారు 354 దినములు. మనము నడుమనడుమ అధికమాసము చేర్చి ఋతువులతో సరిపుచ్చుకొందుము. ముస్లిములు చేర్పరు. కావున నొకయేట వేసవిలో వచ్చిన మొహర్రము కొన్నియేండ్లకు చలికాలమున వచ్చి, సుమారు 33 ఏండ్లకు ఋతువులన్నింటిని చుట్టివచ్చును.

అయినను, పానకము త్రాగు మనలో నెందఱకు దాని కథ తెలియును? క్రీస్తు శకము 680వ సంవత్సరమున, మొహర్రము పదియవ దినమున, నేటి ఇరాకు దేశములోని కర్బలా యను చోట మహమ్మదు ప్రవక్త మనుమడగు హుసేను, యజీదను ప్రభువునకు విధేయుడగుట కంగీకరింపక, కొలదిమంది బంధుమిత్రులతో నిలిచి ప్రాణము విడిచెను. నది సమీపముననే యున్నను శత్రువులు నీరు ముట్టనీయనందున పసిపిల్లలు సైతము దాహముతో నలమటించిరని చెప్పుదురు. ఆ దాహమును తలచుకొనియే నేటికిని దారిన పోవువారికి నీరును, షర్బతును పంచుట. హుసేను సోదరి జైనబు బందీగా డమాస్కసు నగరమునకు గొనిపోబడి, నిండుసభలో ప్రభువు నెదుట నిర్భయముగా మాటాడెనని ప్రసిద్ధి. సోదరుని మరణము లోకమునకు తెలియుట కామె వాక్కే ముఖ్యసాధనమయ్యెనని షియాలు నేటికిని కొనియాడుదురు.

కావున మనము పండుగ యని పిలుచు దినము షియాలకు కన్నీటి దినము. వారు నల్లని వస్త్రములు ధరించి శోకింతురు. సున్నీలలో ననేకులు ఆ దినమున నుపవసింతురు. నిప్పు త్రొక్కుట మున్నగు పల్లెపద్ధతులు తమ మతమునకు సరిపడవని చెప్పు ముస్లిములును గలరు. ఒక్క దినమునకే యిన్ని యర్థములున్నవి. మలీద పంచుకొన్నంతమాత్రమున నవి తెలియవు. పొరుగింటి యామెను అడిగిననే తెలియును.

పల్లెలో అడుగకపోయినను అత్తా, చిన్నమ్మా యను వరుసల పిలుపు మతముల నడుమ నొక వంతెనవలె నుండును. బ్రతుకుదెరువునకై పాలమూరునుండి హైదరాబాదు చేరువారు పెక్కండ్రు. అచ్చట చావిడి లేదు, వరుసలు లేవు. గోడకావలి యింటివారి పేరైనను తెలియకపోవచ్చును. అట్టిచోట పుకారు పుట్టిన నడ్డుపడువా రెవ్వరు? 1990వ సంవత్సరము డిసెంబరు నెలలో ఆ నగరమున మతకలహములు చెలరేగి, వందమందికి పైగా మృతినొందిరి.

ఆ నగరమున హెన్రీ మార్టిను సంస్థ యను క్రైస్తవ విద్యాసంస్థ గలదు. ఇది 1930వ సంవత్సరమున లాహోరులో స్థాపింపబడి, పలుచోట్లకు మారి, 1971లో హైదరాబాదు చేరినది. ముస్లిములకు క్రైస్తవమును బోధింపబోవువారికి శిక్షణ మిచ్చుట దీని తొలి యుద్దేశము. కాలక్రమమున నా యుద్దేశమే మాఱినది. ఇతరులను తమ మతమునకు త్రిప్పుటకంటె వారి మతమును వారినుండియే నేర్చుకొనుట మేలని సంస్థవారు గ్రహించిరి. కలహముల పిమ్మట వారు గ్రంథాలయమునే యంటిపెట్టుకొని యుండక, పాతబస్తీలో హిందువులును ముస్లిములును ఇరుగుపొరుగుగా నున్న పేదవాడలకు పోయిరి. పిల్లలకు చదువును, స్త్రీలకు కుట్టుపనియు నేర్పు నా పనికి ‘అమన్ శాంతి’ యని పేరు. అమన్ ఉర్దూ మాట, శాంతి మన మాట. రెంటి యర్థము నొక్కటే.

కుట్టుపనికిని మతసామరస్యమునకును సంబంధమేమని యడుగవచ్చును. ఉపన్యాసము విను స్త్రీలు పక్కపక్కన కూర్చుండియు మాటాడుకొనకయే లేచిపోదురు. కలిసి పనిచేయువారు మాటాడుకొనక తప్పదు. బిడ్డ జ్వరము, నీళ్లకొఱత, అత్తవారింటి చిక్కులు—మాట మొదలగునది యిచ్చటనే. మతమును గూర్చి యడుగు చనువు దానివెంట వచ్చును.

ఆ యడుగుటకును పద్ధతి యున్నది. స్వీడను దేశపు క్రైస్తవ మతాచార్యుడు క్రిస్టరు స్టెండాలు 1985లో మూడు నియమములు చెప్పెను. ఒక మతమును గూర్చి తెలిసికొనదలచిన దాని నాచరించువారినే యడుగవలెను, దాని శత్రువుల నడుగరాదు. మనలోని యుత్తమమును వారిలోని యధమముతో పోల్చరాదు. వారియందు మనకు లేని మంచి యేదైన కనబడిన, అది మనకును గలిగిన బాగుండునని కోరుకొను మనస్సుండవలెను.

ఈ నియమములు గృహిణులకు మిక్కిలి యుపయుక్తములు. పొరుగామెను భోజనమునకు పిలుచుటకు ముందు ఆమె యేది తినును, ఏది తినదు అని యడుగుడు. రంజాను పగటివేళ ఫలహారము ముందుంచి బలవంతపెట్టకుడు. మీ వ్రతము సంగతి యామె యడిగిన విసుగుకొనక చెప్పుడు. నమ్మకములయందు భేదమున్న నున్నదనియే యొప్పుకొనుడు. అన్నియు నొక్కటే యని తేల్చివేసిన సంభాషణ యక్కడనే ముగియును. పిల్లలు వినుచుండగా ఇతర మతస్థులను ‘వాళ్లందఱు నింతే’ యనకుడు. వీధిలోనిదైనను, చేతిలోని ఫోనుకు వచ్చినదైనను, కలవరపెట్టు వార్త వినబడినపుడు దానిని మఱియొకరికి పంపుటకు ముందు ఆ పొరుగామెనే యడుగుడు.

అలజడినాడు క్రొత్తగా పరిచయము చేసికొనుట సాధ్యము కాదు. ఆనాడు తట్టదగిన తలుపు ఒకటి యుండవలెనన్న, ఊరు చల్లగా నున్న దినములలోనే దానిని తట్టి యలవాటు చేసికొనవలయును. ఆ పనికి సభ లక్కఱలేదు. ఒక గిన్నెయు, ఒక ప్రశ్నయు, వినుటకు కొంచెము తీరికయు చాలును.