ప్రమాదం ఆమె ఒంట్లో లేదు: హెచ్‌ఐవీ నివారణ పరిశోధనలు ఏం చెప్పాయి?

1986లో మద్రాసులో సెక్స్ వర్కర్ల రక్తం పరీక్షించినప్పుడు మన దేశంలో హెచ్‌ఐవీ తొలిసారి బయటపడింది. డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల చేసిన పని అది. ఆ రక్తం ఇచ్చినవాళ్లలో చాలామంది ప్రభుత్వ నిర్బంధ గృహంలో ఉన్న స్త్రీలు. వైరస్ ఉందని తేలినవాళ్లను గడువు ముగిసినా వదల్లేదు. 1990లో మద్రాసు హైకోర్టు జోక్యం చేసుకున్నాక గానీ వాళ్లు బయటికి రాలేదు. వాళ్ల దగ్గరికి వచ్చిపోయిన మగవాళ్ల కోసం ఎవరూ నిర్బంధ గృహాలు తెరవలేదు.

ఆరోగ్య శాఖ కాగితాల్లో తర్వాత స్థిరపడిన ‘హై రిస్క్ గ్రూప్’ అనే మాటను మేము ఈ చరిత్ర గుర్తుంచుకునే చదువుతాం. ఆ మాటకు సాంకేతికంగా అర్థం ఉంది: వైరస్ సోకే అవకాశం మిగతా జనం కంటే ఎక్కువ ఉన్న సమూహం. కానీ వాడుకలో అది తలకిందులైంది. ప్రమాదానికి గురవుతున్న స్త్రీయే ప్రమాదకారి అయింది. అంటరానితనం ఎలా పనిచేస్తుందో తెలిసిన మనకు ఈ తిరకాసు కొత్తేమీ కాదు.

మందులు అందుబాటులోకి రాని ఆ తొలి రోజుల్లో నివారణ అంటే ప్రవర్తన మార్చడమే. అందుకే ప్రవర్తన మీద పరిశోధనలు మొదలయ్యాయి. సర్వేలన్నీ దాదాపు ఒకే తీరు: హెచ్‌ఐవీ ఎలా వస్తుందో తెలుసా? కండోమ్ మీద నీ అభిప్రాయం ఏమిటి? చివరిసారి వాడావా? వీటి వెనక ఒక ఊహ ఉంది. తెలిస్తే వాడతారు, వాడటం లేదంటే తెలియకనే. పోస్టర్లు, వీధి నాటకాలు, గోడ రాతలు ఆ ఊహ మీద నడిచినవే. అవి అనవసరమని మేము అనం. కానీ కండోమ్ వేసుకోవాల్సింది ఆమె కాదు, అతను. లేకుండా అయితే ఇంకో వంద ఎక్కువ ఇస్తానని అతనంటాడు. సాయంత్రం వడ్డీ వసూలుకు మనిషి వస్తాడు. ఇక్కడ ఆమెకు తక్కువైంది తెలివిడి కాదు.

ఈ సంగతిని పరిశోధన రంగం చేత ఒప్పించిన చోటు కోల్‌కతాలోని సోనాగచ్చి. 1992లో అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థ తరఫున డాక్టర్ స్మరజిత్ జానా అక్కడ పని మొదలుపెట్టారు. బయటి నుంచి టీచర్లను తేకుండా, అక్కడి స్త్రీలనే పీర్ ఎడ్యుకేటర్లుగా, అంటే తోటివాళ్లకు చెప్పేవాళ్లుగా తీసుకున్నారు. వాళ్లకు ఆకుపచ్చ కోటు, జీతం ఇచ్చారు. వాళ్లు ఇంటింటికీ తిరిగితే బయటపడిన సమస్యలు పోలీసు దాడి, గూండాల మామూళ్లు, వడ్డీ, పిల్లల బడి. 1995లో స్త్రీలు దర్బార్ మహిళా సమన్వయ కమిటీ పేరుతో సంఘమయ్యారు. అదే ఏడాది ‘ఉష’ సహకార సంఘం పెట్టుకున్నారు. సహకార చట్టంలో ‘సత్ప్రవర్తన’ షరతు అడ్డమైతే దానితో పోరాడి మరీ సెక్స్ వర్కర్లుగానే రిజిస్టరు చేయించుకున్నారు. అప్పు కోసం వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కే అవసరం తగ్గింది. మొదట్లో నూటికి ముగ్గురు కూడా వాడని కండోమ్ కొన్నేళ్లలోనే నూటికి ఎనభై దాటింది.

సోనాగచ్చిలో హెచ్‌ఐవీ పది శాతానికి అటూ ఇటూగా ఆగిపోయినప్పుడు ముంబైలో సెక్స్ వర్కర్లలో సగందాకా పాకింది. అయితే ఒక ఊరిని ఇంకో ఊరితో పోల్చి ఇది సంఘం బలమేనని తేల్చలేం. ఊళ్లు వేరు, వ్యాపారం తీరు వేరు. అందుకే జానా బృందం, అమెరికా పరిశోధకులు కలిసి ఈశాన్య ప్రాంతంలో రెండు చిన్న పట్టణాలు తీసుకుని ఒక్కో చోట వంద మంది స్త్రీలను పదిహేను నెలల పాటు గమనించారు. 2004లో ఫలితాలు అచ్చయ్యాయి. ఒక పట్టణంలో మామూలు సేవలు: క్లినిక్, కండోమ్ ప్రచారం, పీర్ ఎడ్యుకేటర్లు. రెండో దానిలో వీటికి తోడు సంఘ నిర్మాణం, హక్కుల కోసం గొంతెత్తడం. కండోమ్ వాడకం మొదటి చోట 11 శాతం పెరిగితే రెండో చోట 39 శాతం పెరిగింది. ప్రతిసారీ తప్పకుండా వాడేవాళ్ల సంఖ్య సంఘం ఉన్న చోట పెరిగింది, లేని చోట తగ్గింది. క్లినిక్, సమాచారం రెండు చోట్లా ఉన్నాయన్నది మరవొద్దు.

మన దగ్గరి ఉదాహరణ రాజమండ్రి. గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో 2003లో మొదలైన ‘ఆవాహన్’ కార్యక్రమం ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో నడిచింది. దాని కింద రాజమండ్రిలో జరిగిన పనిని కిమ్ బ్లాంకెన్‌షిప్ బృందం అధ్యయనం చేసింది. 2006లో ఎనిమిది వందల మందికి పైగా సెక్స్ వర్కర్లతో మాట్లాడారు. ఎంత తీసుకోవాలి, ఏం ఒప్పుకోవాలి అన్నది తానే తేల్చుకోగలిగిన స్త్రీ కండోమ్ తప్పక వాడే అవకాశం ఎక్కువని తేలింది. కార్యక్రమంతో సంబంధం ఉండి, మేమంతా కలిస్తే పని జరుగుతుందన్న నమ్మకం కూడా ఉన్నవాళ్లలో ఆ తేడా ఇంకా ఎక్కువ. అదే బృందం పోలీసుల గురించీ అడిగింది. అరెస్టు తప్పించుకోవడానికి పోలీసుకు లొంగాల్సి వచ్చిన వాళ్లలో, పోలీసులు కండోమ్‌లు లాక్కున్న వాళ్లలో సుఖవ్యాధుల లక్షణాలు, కండోమ్ లేని సంబంధాలు ఎక్కువగా కనిపించాయి. హెచ్‌ఐవీ వ్యాప్తిలో ఖాకీ చొక్కాకూ వాటా ఉందని లెక్కలతో చూపిన పని ఇది. ఇది జిల్లా ఎయిడ్స్ సమావేశాల్లో ఎందుకు వినపడదో మాకు అర్థం కాదు. బహుశా బాగానే అర్థమవుతుంది.

సంఘం అన్ని తలుపులూ తెరవలేదు. మైసూరులో 2004 నుంచి 2006 మధ్య కొలిచిన సర్వేల్లో కొత్త విటుల దగ్గర కండోమ్ వాడకం 65 నుంచి 90 శాతానికి చేరింది. సిఫిలిస్ సగానికి పడిపోయింది. భర్త, ప్రియుడు లాంటి సొంత మనిషి దగ్గర మాత్రం 7 నుంచి 30 శాతానికే వచ్చి ఆగింది. డబ్బిచ్చేవాడితో బేరమాడవచ్చు. ‘నా మీద నమ్మకం లేదా’ అనేవాడితో ఏం బేరమాడతారు? ఈ ప్రశ్న సెక్స్ వర్కర్లది మాత్రమే కాదు, పెళ్లయిన ప్రతి స్త్రీదీ.

ఇక కులం. 2005లో అచ్చయిన కర్ణాటక అధ్యయనంలో దాదాపు 1,600 మంది సెక్స్ వర్కర్లలో 26 శాతం దేవదాసీ ఆచారం ద్వారానే ఈ పనిలోకి వచ్చారు. వాళ్లు సగటున పదహారేళ్లు నిండకముందే వచ్చారు. మిగతా వాళ్ల సగటు ఇరవై రెండుకు దగ్గర. దేవదాసీల్లో నూటికి తొంభై మందికి పైగా చదువు రాదు. తెలంగాణలో జోగిని, చిత్తూరు వైపు మాతమ్మ, రాయలసీమలో బసివి అని మనం పిలిచే ఆచారం ఇదే. ఆ పిల్లలు ఎక్కువగా ఏ వాడల నుంచి వస్తారో మనకు చెప్పనక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1988లోనే సమర్పణను నిషేధిస్తూ చట్టం చేసింది. పదిహేనేళ్ల పిల్లను ఊరు దేవత పేరు చెప్పి పంచుకుంటే దాన్ని ‘రిస్క్ బిహేవియర్’ అనే గడిలో రాయడం మాకు ఒప్పు కాదు. అక్కడ ప్రవర్తన మారాల్సింది ఊరి పెద్దలది, భూమి ఉన్నవాళ్లది.

2021 అంచనాల్లో దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 0.21 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అది 0.67, తెలంగాణలో 0.47. కాబట్టి సర్వే బృందాలు మన వాడలకు ఇంకా వస్తాయి. వాళ్లతో మాట్లాడే ముందు చేతిలో ఉంచుకోవాల్సిన కాగితాలు రెండు. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండా పరీక్షా చేయకూడదు, పరిశోధనా చేయకూడదు. 2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు, సెక్స్ వర్కర్ల దగ్గరున్న కండోమ్‌లను నేరానికి సాక్ష్యంగా చూడరాదన్న సిఫారసును అమలు చేయమంది. ఆ ఉత్తర్వు నకలు స్టేషన్‌కు వెళ్లేటప్పుడు పట్టుకెళ్లండి.

ప్రశ్నపత్రం కూడా ముందే అడిగి చూడండి. అందులో కులం వయసు పక్కన ఒక గడిగా మిగిలిందా, లేక అప్పు ఎవరి దగ్గర, కొట్టిందెవరు, కేసు పెడితే తీసుకున్నారా అనే ప్రశ్నలతో ముడిపడి ఉందా? విటులను ఏమైనా అడుగుతున్నారా? పోలీసులను? సమాధానాలు ఎవరి దగ్గర ఉంటాయి, పేర్లు ఎక్కడ దాస్తారు? నివేదిక తెలుగులో వాడకు తిరిగి రావాలన్న మాటను సమ్మతి పత్రంలోనే, సంతకానికి ముందే రాయించుకోవచ్చు.