ఒకే ఇంట లేమి, ఊబకాయం

అమెరికాలోని హిస్పానిక్, అనగా స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలు గల, కుటుంబాల పిల్లలను ఊబకాయం పీడిస్తోంది. 2017 నుంచి 2020 మార్చి వరకు జరిగిన జాతీయ సర్వేలో 2–19 ఏళ్ల హిస్పానిక్ పిల్లల్లో 26.2 శాతం మంది స్థూలకాయులని తేలింది. శ్వేతజాతి పిల్లల్లో ఇది 16.6 శాతమే.

కలిమి వల్ల వచ్చిన లావు కాదిది. 2023లో దేశం మొత్తంమీద 13.5 శాతం కుటుంబాలకు తిండికి భరోసా కొరవడగా, హిస్పానిక్ కుటుంబాల్లో ఆ వాటా 21.9 శాతం. చేతిలో సొమ్ము చాలనప్పుడు పండ్లు, కూరగాయలకు బదులు కడుపు నింపే చౌక తిండి, తీపి పానీయాలే ఇంటికి చేరతాయి. పిల్లలు బరువెక్కుతారు, పోషకాలు మాత్రం అందవు. బొద్దుగా ఉంటేనే ఆరోగ్యమన్న నమ్మకం, మన ఇళ్లలో మాదిరే, అక్కడా ఉంది.

2009లో తల్లీబిడ్డల పోషకాహార పథకం ‘విక్’లో పండ్లు, కూరగాయలకు కూపన్లు చేర్చి, పండ్లరసం తగ్గించారు. రొట్టెకు బదులు వారికి అలవాటైన మొక్కజొన్న టోర్టియా తీసుకునే వీలు కల్పించారు. తిండి మాన్పించకుండా మార్చిన ఈ పద్ధతే మేలైనది. పథకంలోని అన్ని వర్గాల 2–4 ఏళ్ల చిన్నారుల్లో 2010లో 15.9 శాతమున్న ఊబకాయం 2016 నాటికి 13.9 శాతానికి దిగింది.