‘చింట్సీ’ అను విశేషణము

హంసలదీవి పేరునకు దివిసీమవారు చెప్పు కథ చాలమంది యెఱిగినదే. పాపుల స్నానములచే మలినయైన గంగ కాకిరూపము దాల్చి తీర్థములన్నింట మునుగుచు వచ్చి, కృష్ణ సముద్రమును కలియు ఈ చోట మునిగి హంసయై లేచినదట. ఈ సంగమమునకు ఎగువతీరముననున్న బందరునుండి ఓడ నెక్కిన ఒక వస్త్రపు పేరునకు మాత్రము విపరీతగతి పట్టినది. హంసగా వెళ్లి, అది కాకియైనది.

ఇంగ్లీషున ‘చింట్సీ’ అను విశేషణము కలదు. చవుకబారుది, పైమెఱుగుదే గాని అభిరుచి లేనిది అని దాని యర్థము. అమెరికావారు పిసినారిని గూడ ఈ మాటతోనే దెప్పుదురు. దీనికి మూలము ‘చింట్జ్’, అనగా పూలు తీర్చిన నూలుగుడ్డ. హిందీలో ‘ఛీంట్’ అనగా చుక్క, చింది పడిన మరక. ఇంగ్లీషువారు మొదట ‘చింట్’ అనియే వ్రాసిరి. దాని బహువచనమునే ఏకవచనమని భ్రమించుటచే చివరి ‘స’కారము నిలిచిపోయినది. మన అవ్వలు పరికిణీలకు కొన్న చీటిగుడ్డ ఈ మాటకు తోబుట్టువే.

1611లో ఇంగ్లీషు వర్తకులు బందరులో కొఠీ పెట్టినది ఇట్టి గుడ్డలకొఱకే. ఆ పనితనమును కొంచెము వివరింపవలెను. గుడ్డను కరక్కాయ రసమునను పాలలోను నానబెట్టి యెండింతురు. పటికనీటిని కలముతో పూయుదురు. పిమ్మట తీరపు ఇసుకనేలలలో పెరుగు చిరివేరుతో కాచుదురు. పటిక పడినచోటనే ఎఱుపు నిలుచును. తక్కినది ఉతుకులలో పోవును. నూలుపై ఇట్లు నిలుచు రంగులను నాటి ఐరోపా యెఱుగదు. అచటి పట్టు, ఉన్ని నేతగాండ్రు గగ్గోలుపెట్టగా ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను ఈ వస్త్రములను నిషేధించినవి.

తరువాత యంత్రములు వచ్చినవి. 1783లో రోలరు అచ్చునకు పేటెంటు లభించినది. లాంకషైరు మిల్లుల నకళ్లు ప్రతి కుర్చీకిని, ప్రతి కిటికీకిని ఎక్కినవి. 1851 నాటికే, తరువాత జార్జి ఎలియట్ అను పేర ప్రసిద్ధి కెక్కిన రచయిత్రి, ఒక జాబులో ‘చింట్సీ’ని నిందార్థముననే వాడినది. చవుక చేసినది నకలు. చెడ్డపేరు మోసినది అసలు. ఇది న్యాయము కాదని మా అభిప్రాయము. భాషకు న్యాయముతో పని తక్కువ!

బందరు చెంతనున్న పెడనలో చెక్క అచ్చులతో కలంకారీ పని నేటికిని సాగుచున్నది. తెర అచ్చు గుడ్డలును అదే పేరుతో అంగళ్లలో అమ్ముడగుచున్నవి. పెడన గుడ్డను ఇంగ్లీషున వర్ణింపబోవువారు ‘చింట్జ్’ అని వ్రాయవచ్చును. ‘చింట్సీ’ అని వ్రాసిన వ్యుత్పత్తి ఒప్పును గాని, కొనువాడు వెనుదిరుగును.