మీకు తెలుసా? తాళపుచెవి అద్దెదారు చేతనే యున్నది

2022 నవంబరు 22న అమెజాన్ సంస్థ హైదరాబాదున ప్రారంభించిన క్లౌడ్ కేంద్రములలో, అనగా అంతర్జాలము ద్వారా కంప్యూటర్లను అద్దెకిచ్చు కేంద్రములలో, భవనములకు, యంత్రములకు, విద్యుత్తునకు సంస్థయే కాపలా కాయును గాని, అందు మనము దాచుకొన్న సమాచారమును ఎవరికి చూపవలెను, ఎవరికి చూపరాదు అను నిర్ణయభారము మాత్రము సంపూర్ణముగా మనదే.

తక్కిన రక్షణభారము సేవాస్తరమును బట్టి మారును. ఐఏఏఎస్ స్తరమున, అనగా ఉత్త కంప్యూటరును అద్దెకు గొన్నచోట, ఆపరేటింగ్ సిస్టమ్ లోపములను సైతము అద్దెదారే సరిదిద్దుకొనవలెను. పాస్ స్తరమున, అనగా ప్రోగ్రాములు నడుపు వేదికను సిద్ధముగా అద్దెకు గొన్నచోట, ఆ శ్రమ తప్పినను, తాను వ్రాసిన ప్రోగ్రాములోని దోషము తనదే. ఈ-మెయిలు వంటి సాస్ సేవలలో, అనగా సాఫ్ట్‌వేరునే సిద్ధముగా అద్దెకు గొన్నచోట, అద్దెదారునకు మిగులునవి ముఖ్యముగా పాస్‌వర్డు, అనుమతులు.

2019లో, అమెజాన్ క్లౌడ్‌ను వాడుకొనుచుండిన అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకునుండి సుమారు 10 కోట్లమంది అమెరికనుల వివరములు పరులపాలగుటకు కారణము అమెజాన్ యంత్రములు చెడుట కాదు, చొరబాట్లను అడ్డుకొనవలసిన తన ఫైర్‌వాల్‌ను బ్యాంకు సరిగా అమర్చుకొనకపోవుట. మరుసటి యేట 8 కోట్ల డాలర్ల జరిమానాయు బ్యాంకునకే పడెను.

కావున జహీరాబాదున అల్లము, ఆలుగడ్డల అమ్మకపు లెక్కలను ఫోనుద్వారా క్లౌడ్‌లో భద్రపరచుకొను వర్తకమిత్రులారా, రెండంచెల ధ్రువీకరణమును నేడే అమర్చుకొనుడు, పని మానివెళ్లిన గుమాస్తా లాగిన్‌ను వెంటనే తొలగింపుడు.