జారే నిచ్చెన, ఏడు మార్కులు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో ఇంటర్ ఎంపీసీ చదివినవాళ్లను నిద్రలో లేపి అడిగినా గుర్తుపట్టే ప్రశ్న ఒకటుంది. ఫస్టియర్ మ్యాథ్స్ 1బి పేపర్లో ఏళ్లుగా తిరిగి తిరిగి వచ్చిన 7 మార్కుల లెక్క అది. ఫలానా వక్రానికి ఎక్కడ స్పర్శరేఖ గీసినా, అది అక్షాలను ఖండించే బిందువులు ఏ, బి అయితే, ఏబీ పొడవు మారదని చూపాలి. చాలామంది బట్టీ పట్టి రాసేస్తారు. మార్కులూ పడతాయి. అందులోని సొగసు మాత్రం జవాబు పత్రంలోనే ఉండిపోతుంది.

ఒక బిందువు దగ్గర వక్రం ఎటు సాగుతోందో చూపే సరళరేఖే స్పర్శరేఖ. దాని వాలు కావాలంటే వైని ఒకవైపుకు తెచ్చి, ఎక్స్‌తో అవకలనం చేయడం మామూలు దారి. కానీ కొన్ని సమీకరణాల్లో ఎక్స్, వై పెనవేసుకుని ఉంటాయి. విడదీయబోతే వర్గమూలాలు, ఘనమూలాలు మీద పడతాయి. ఇంప్లిసిట్ డిఫరెన్షియేషన్ అనే పద్ధతి అసలు ఆ పనే పెట్టుకోదు. సమీకరణాన్ని ఉన్నదున్నట్టుగా రెండు వైపులా అవకలనం చేస్తుంది. షరతు ఒక్కటే: వై కూడా ఎక్స్‌ను బట్టి మారేదే కనుక, వైని అవకలనం చేసిన ప్రతిచోటా డీవై బై డీఎక్స్ చేరాలి. మార్కులు పోయేది ఎక్కువగా ఇది మరిచిపోయినప్పుడే.

ఎక్స్ వర్గం, వై వర్గం కలిపి 25 అయ్యే వృత్తాన్ని తీసుకుంటే, వాలు మైనస్ ఎక్స్ బై వై అని రెండు లైన్లలో తేలుతుంది. (3, 4) దగ్గర −3/4. కింది సగంలోని (3, −4) దగ్గర 3/4. రెండు సగాలకూ ఒకే సూత్రం.

1638లో ఫ్రాన్స్‌లో ఇలాంటి లెక్క మీదే పెద్ద పంతం నడిచింది. ఎక్స్ ఘనం, వై ఘనం కలిస్తే ఎక్స్‌వైకి ఇన్ని రెట్లు అనే ఆకులాంటి వక్రాన్ని చూపి, దీనికి స్పర్శరేఖ గీయమని గణితవేత్త దెకార్త్ తోటి గణితవేత్త ఫెర్మాకు సవాలు విసిరాడు. ఫెర్మా గీసి చూపాడు. లైబ్నిజ్ అవకలన నియమాలను అచ్చు వేసింది ఆ తర్వాత 46 ఏళ్లకు, 1684లో. ఆ నియమాలతో ఇంటర్ విద్యార్థికి ఇప్పుడది నాలుగు లైన్ల పని: ఆ రెట్లు 6 అనుకుంటే, (3, 3) దగ్గర వాలు −1.

ఇక మన 7 మార్కుల వక్రం. పేరు ఆస్ట్రాయిడ్, నాలుగు మొనల నక్షత్రం. ఎక్స్‌కు 2/3 ఘాతం, వైకి 2/3 ఘాతం కలిపితే 4 అనుకుందాం. అవకలనం చేస్తే, వై బై ఎక్స్ ఘనమూలానికి మైనస్ గుర్తు పెడితే వచ్చేదే వాలు. (1, 3√3) దగ్గర అది −√3. అక్కడి స్పర్శరేఖ అడ్డ అక్షాన్ని 4 దగ్గర, నిలువు అక్షాన్ని 4√3 దగ్గర తాకుతుంది. 16, 48 కలిపితే 64, పొడవు 8. ఇంకో బిందువు తీసుకున్నా 8 దాటదు, తగ్గదు. గోడకు ఆనించిన 8 అడుగుల నిచ్చెన కాలు జారి నేలకు దిగుతుంటే, దాని ఒక్కో స్థానాన్నీ తాకుతూ పోయే వంపు ఈ నక్షత్రంలో పావు వంతు. నిచ్చెన జారుతుంది గానీ సాగదు కదా, పేపర్లో నిరూపించమనేది ఆ మాటే!

జగిత్యాలలోని 18వ శతాబ్దపు కోటదీ నక్షత్రాకారమే. అయితే దాని మూలల్లో ఈ పద్ధతి చెల్లదు. ఒక గోడ వాలు వేరు, పక్క గోడ వాలు వేరు. మూలకంటూ ఒక స్పర్శరేఖ లేదు. దెకార్త్ ఆకు చిక్కు మరో రకం. మూలబిందువు దగ్గర సూత్రం 0/0 అని చేతులెత్తేస్తుంది. వక్రం అక్కడ తనను తానే దాటుతుంది మరి: ఒక స్పర్శరేఖ అడ్డంగా, రెండోది నిలువుగా.