కొత్త ఇంటికి వచ్చిన బల్లి

బల్లి అనగానే తెలుగువారికి ముందుగా స్ఫురించేది గౌళిశాస్త్రం. ఆ తరువాత కంచి వరదరాజస్వామి ఆలయంలోని బంగారు బల్లి. మీద పడితే తలస్నానం చేయడం, మాట నడుమ పలికితే సత్యమని వేలితో నేలను తట్టడం మన ఇళ్ళలోని ఆచారాలు. అటువంటి ప్రాణిని కోరి కొనితెచ్చి, గాజుతొట్టెలో ఉంచి, కుక్కపిల్లను వలె సాకేవారు అమెరికా, బ్రిటన్ వంటి దేశాలలో ఎందరో ఉన్నారు. వారు ఎక్కువగా పెంచేది లెపర్డ్ గెకో. చిరుతపులి వలె పసుపుపచ్చని మేనిమీద నల్లని మచ్చలు ఉండడంచేత దానికా పేరు వచ్చింది. ‘గెకో’ అన్నది మలయ్ భాషాపదం, బల్లి కూతకు అనుకరణం.

ఆఫ్ఘనిస్థాన్, పాకిస్థాన్, వాయవ్య భారతాల రాతిగుట్టలు ఈ జాతికి పుట్టినిల్లు. 1854లో ఎడ్వర్డ్ బ్లైత్ దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. మన గోడబల్లికి లేని కనురెప్పలు దీనికి ఉన్నాయి. గోడబల్లికి ఉన్న అంటుకొనే పాదాలు దీనికి లేవు. కనుక ఇది గోడ నెక్కదు, నేలమీదనే సంచరిస్తుంది. దీని దాయాది ఒకటి తూర్పు కనుమలలోనూ ఉంది. విశాఖపట్నం ప్రాంతంలో లభించిన ఆ బల్లిని 2022లో ప్రత్యేక జాతిగా గుర్తించి ‘యూబ్లెఫారిస్ పిక్టస్’ అని పేరు పెట్టారు. అది అడవిలో ఉండవలసిన ప్రాణి, ఇంటికి తేవలసినది కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించిన జంతువులను పట్టడం శిక్షార్హమైన నేరం. ఇక్కడి ప్రస్తావన అంతా పెంపకశాలలలో గుడ్డు నుండి వెలువడిన బల్లులను గురించే.

కొత్తగా తెచ్చిన బల్లి తరచుగా ఆహారం ముట్టదు. వసతిగృహంలో చేరిన విద్యార్థికి మొదటి వారం అన్నం సహించనట్లే, దానికీ చోటు మారిన బెదురు ఉంటుంది. యజమాని ఆదుర్దాతో మాటిమాటికీ తొట్టె తెరవడం, చేతిలోకి తీసుకోవడం, పూటకొక పురుగును మార్చి చూపడం ఆ బెదురును పెంచుతాయి. ఆకలికంటె ఈ అతిప్రేమే దానికి ఎక్కువ హాని చేస్తుంది. మొదటి ఒకటి రెండు వారాలు దానిని తాకకపోవడం మంచిది. శుభ్రమైన నీరు మాత్రం నిత్యం అందుబాటులో ఉండాలి.

బెదురు తరువాత చూడవలసినది వేడిమి. బల్లి తన శరీరంలో తాను ఉష్ణాన్ని పుట్టించుకోలేదు. వెచ్చని చోట పొట్ట ఆనించి పడుకుంటేనే తిన్నది అరుగుతుంది. వెచ్చదనం చాలని తొట్టెలో దానికి ఆకలే పుట్టదు. అందువల్ల తొట్టెలో ఒక కొసన నేల 31 నుండి 33 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, రెండవ కొస 24, 25 డిగ్రీలతో చల్లగా ఉండాలి. వేడి మితిమీరి పొట్ట కాలకుండా థర్మోస్టాట్ తప్పనిసరి. రెండు కొసలా ఒక్కొక్క గూడు, తడినాచు పరచినది మరొకటి అమర్చాలి. కుబుసం విడవడానికి ఆ తడిగూడు తోడ్పడుతుంది. కుబుసం విడిచే ముందు మేను తెల్లబారుతుంది, ఆ రోజులలో తిండి మానడం సహజం. విడిచిన పొరను అదే తినివేస్తుంది కూడ! నేలమీద ఇసుక పోయరాదు. పిల్లబల్లులు ఆహారంతోపాటు ఇసుకను మింగితే పేగులు మూసుకొనిపోవచ్చు.

ఇది ఆకులు, పండ్లు తినదు. కదిలే పురుగులే దాని ఆహారం: కీచురాళ్ళు, పిండిపురుగుల డింభకాలు, పెంపకపు బొద్దింకలు. పురుగు వెడల్పు బల్లి రెండు కన్నుల నడిమి దూరాన్ని మించరాదు. పురుగులకు ఒకరోజు ముందుగా క్యారెట్, ఆకుకూరలు మేపి, పెట్టేముందు కాల్షియం పొడి అద్దాలి. కాల్షియం కొరవడితే ఎముకలు మెత్తబడి వంకరలు పోతాయి. సంధ్యవేళ వేటకు వెడలే జీవి కాబట్టి దీపాలు ఆర్పే సమయంలో రెండు మూడు పురుగులను వదలాలి. తినని కీచురాళ్ళను రాత్రికి తొట్టెలో ఉంచరాదు. అవి నిద్రించే బల్లినే కొరుకుతాయి.

ఎన్నాళ్ళు ఆగవచ్చునన్న ప్రశ్నకు జవాబు దాని తోకలో ఉంది. తోక దానికి కొవ్వు నిలవచేసుకొనే గాదె. లావైన తోకగల పెద్దబల్లి కొన్ని వారాలు తినకున్నా తట్టుకోగలదు; పిల్లబల్లికి అంత నిలవ ఉండదు. కనుక వారానికొకసారి చిన్న త్రాసుపై తూచి, బరువును రాసిపెట్టుకోవాలి. బరువు పదవ వంతు తగ్గినా, తోక సన్నబడినా, విరేచనాలు కనిపించినా సరీసృపాలు తెలిసిన పశువైద్యుని వద్దకు వెళ్ళాలి. నోరు బలవంతంగా తెరిచి తినిపించడం ఇంట చేయదగిన పని కాదు. ఇంట్లో అదివరకే బల్లులుంటే కొత్తదానిని కనీసం ఒక నెల వేరే గదిలో ఉంచాలి. కొన్ని పేగు వ్యాధులు పైకి కనిపించకుండానే వ్యాపిస్తాయి.

ఒక సాయంత్రం అది గూటినుండి తల బయట పెడుతుంది. నాలుకతో నేలను, గాలిని నాకి వాసన పడుతుంది. పురుగు కదలగానే మెడ సాచి నిలుస్తుంది. తోక కొన మెల్లగా వణకడం మొదలైతే అది దూకబోతున్నదని తెలుసుకోవచ్చు. అలా తినడం మొదలైన తరువాత పిల్లబల్లికి రోజూ, పెద్దబల్లికి రెండు మూడు రోజులకొకసారి ఆహారం సరిపోతుంది.