పెరటి ద్రాక్షకు పందిరితో పాటు రెండు కత్తిరింపులు తప్పనిసరి

పెరటిలో ద్రాక్ష నాటి, పందిరి నిండా తీగలు అల్లుకున్నప్పటికీ ఒక్క గుత్తి అయినా కనిపించలేదని వాపోయే గృహస్థులు అనేకులు. వారు లోపాన్ని నేలలోనో, ఎరువులోనో వెదకుతుంటారు. చాలా సందర్భాలలో అసలు లోపం తీగను కత్తిరించకపోవడమే. బీర, సొర పాదులను పందిరిపైకి ఎక్కించి వదలివేయడం మన ఇళ్లలో అనాదిగా ఉన్న అలవాటు. అవి ఒక్క కాపుతో ముగిసే పాదులు. ద్రాక్ష 15, 20 ఏళ్లు నిలిచే తీగ కనుక దానిని అదే రీతిలో పెంచరాదు.

హైదరాబాదుకు ద్రాక్షతో గల అనుబంధం పాతది. గింజలు గల తెల్లద్రాక్ష రకమైన అనాబ్-ఎ-షాహీని 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ ఇక్కడ ప్రవేశపెట్టినట్లు ఉద్యాన గ్రంథాలు పేర్కొంటున్నాయి. నగరం విస్తరించి, భూగర్భజలాలు తగ్గిన కారణంగా పరిసరాలలోని తోటలు చాలావరకు కనుమరుగైనా, పెరళ్లలో ఈ తీగకు ఆదరణ తగ్గలేదు. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధనా స్థానం కూడా ఉన్నది.

పందిరిని సుమారు 7 అడుగుల ఎత్తున నిర్మించుకోవాలి. రాతి కడీలు లేదా ఇనుప గొట్టాలు పాతి, వాటిపై తుప్పు పట్టని జీఐ తీగను అడుగున్నర నుంచి రెండు అడుగుల ఎడంతో నిలువుగా, అడ్డంగా బిగించి లాగాలి. గుత్తుల బరువుకు తీగ సడలితే పందిరి మధ్యలో కుంగిపోతుంది. తోటలలో అనాబ్-ఎ-షాహీకి వరుసల మధ్య 6 మీటర్లు, మొక్కల మధ్య 3 మీటర్లు దూరం పాటిస్తారు. కనుక 12 అడుగుల చదరపు పందిరికి ఒక్క మొక్క చాలును. రెండవది నాటాలన్న ఆశను అణచుకోవడమే మేలు.

నాటిన మొక్కకు ఒకే కాండాన్ని ఉంచి, పక్క చిగుళ్లను తీసివేస్తూ, కర్ర ఊతంతో పైకి తేవాలి. అది పందిరిని సమీపించగానే కొన తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. వాటిలో బలమైన రెండింటిని ఎదురెదురు దిశలలో తీగ వెంట పాకించి, కొబ్బరి పీచుతో వదులుగా కట్టాలి.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. మొదటి కత్తిరింపు మార్చి, ఏప్రిల్ నెలలలో చేయాలి. కాపు కాసిన ప్రతి కొమ్మను ఒకటి, రెండు కన్నులు మాత్రమే మిగిల్చి కోయాలి. పచ్చని తీగను ఇంతగా నరకడానికి చాలామందికి మనసొప్పదు. కోసిన చోట కన్నీరు వలె నీరు కారడం చూసి తీగ చచ్చిపోతుందని భయపడేవారూ ఉన్నారు. అది సహజమే, దాని వల్ల హాని లేదు. కొత్తగా వచ్చే చిగుళ్లలో, వేసవి ఎండ తగిలినప్పుడు, తరువాత సుమారు 2 నెలలలో పూమొగ్గలు లోలోపల రూపుదిద్దుకుంటాయి. ఆకులు గుబురుగా కమ్ముకుంటే ఎండ అందక ఆ కన్నులు గొడ్డువోతాయి. బలహీనమైన చిగుళ్లను ఏరివేస్తూ, పందిరి కింద నేలపై ఎండ చుక్కలు చుక్కలుగా పడేట్లు చూసుకోవాలి. చల్లని నీడలో మంచం వేసుకోవాలనే వారు పండ్లపై ఆశ కొంత వదులుకోవలసిందే. ఈ దశలో నీటిని, నత్రజని ఎరువును తగ్గించడం కూడా అవసరం.

రెండవ కత్తిరింపు వానలు వెనుకబట్టిన తరువాత, అక్టోబరులో చేయాలి. వేసవిలో పెరిగిన కొమ్మలను ఈసారి మొదలంటా కోయరాదు. అనాబ్-ఎ-షాహీకైతే 5, 6 కన్నులు ఉంచాలి. గింజలు లేని థాంప్సన్ రకంలో కాపునిచ్చే కన్నులు ఇంకా పైన ఉంటాయి గనుక కొమ్మను మరింత పొడవుగా వదలాలి. వానలు ఆగకముందే తొందరపడితే లేత చిగుళ్లకు, పూతకు బూజు తెగులు సోకుతుంది. కత్తిరించిన ముక్కలను పోగుచేసి తొలగించి, 1 శాతం బోర్డో మిశ్రమం పిచికారీ చేయాలి.

అక్టోబరు కత్తిరింపు సకాలంలో జరిగితే ఫిబ్రవరి, మార్చి నాటికి గుత్తులు కోతకు వస్తాయి. మామిడి వలె ద్రాక్షను కోసి మాగబెట్టడం సాధ్యపడదు. గుత్తి చివరి పండు రుచి చూసి, అది కూడా తియ్యబడిన పిమ్మటనే కోయాలి. అంతవరకు పిట్టల బారి నుంచి కాపాడేందుకు పందిరి చుట్టూ వల కట్టుకోవచ్చును.